వీపు వెనుక చేతులు ఏమి చెప్పును?

మనుష్యుడు నోరు తెరువకమునుపే అతని శరీరము కొంత సంగతి చెప్పును. నిలుచు తీరు, నడచు తీరు, చేతులు పెట్టుకొను తీరు చూచి ఎదుటివాని మనస్సును ఊహించుట మనకందరకు అలవాటే. కథారచయితలు ఈ అలవాటునే ఆధారము చేసికొని, ఒకటి రెండు వాక్యములలో పాత్రను కన్నులకు కట్టింతురు. చేతులు రెండును వీపు వెనుక చేర్చి పట్టుకొనిన పాత్ర కనబడగానే "ఇతడు అధికారి" అని ఒకరు, "గర్వి" అని ఒకరు, "ఏదో దాచుచున్నాడు" అని మరియొకరు, "ఆలోచనలో మునిగియున్నాడు" అని వేరొకరు చెప్పుదురు. భంగిమ ఒక్కటే, అర్థములు మాత్రము నాలుగు. వీనిలో ఏది నిజము? ఒక్క భంగిమనుండి ఇంత సంగతి రాబట్టుట న్యాయమేనా? ప్రసిద్ధమైన షెర్లాక్ హోమ్స్ కథ నొకదానిని తీసికొని ఈ ప్రశ్నను పరిశీలింతము.

బేకరు వీధిలో ఒక రాత్రి

ఆర్థర్ కోనన్ డాయిల్ వ్రాసిన "ఎ స్కాండల్ ఇన్ బొహీమియా" అను కథ 1891 జూలైలో లండనునుండి వెలువడిన "స్ట్రాండ్" మాసపత్రికలో ప్రకటింపబడినది. కథ చెప్పువాడు హోమ్స్ మిత్రుడు డాక్టరు వాట్సన్. అతనికి పెండ్లియై వేరు కాపురము పెట్టుటచే స్నేహితు లిరువురును కలిసికొనుట అరుదైనది. కథలో 1888 మార్చి 20వ తేదీ రాత్రి వాట్సన్ ఒక రోగిని చూచి తిరిగి వచ్చుచు బేకరు వీధి మీదుగా పోవును. తాము పూర్వము కలిసియున్న ఇంటి మేడగదిలో దీపములు వెలుగుచుండును. కిటికీ తెరపై సన్నని పొడుగాటి నీడ రెండుమారులు అటునిటు సాగును. తల రొమ్ముమీదికి వంగియున్నది. చేతులు వెనుక పెనవేసికొని యున్నవి. నడక వడిగా నున్నది. అది చూచినంతనే, హోమ్స్ మరల ఏదో సమస్యను పట్టి పని చేయుచున్నాడని వాట్సన్ తెలిసికొనును. పైకి వెళ్ళి చూడగా ఆ ఊహ నిజమే యగును.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈ కథలన్నింటిలో ఇతరులను చూచి సంగతులు చెప్పువాడు సాధారణముగా హోమ్స్, ఆశ్చర్యపడువాడు వాట్సన్. ఇచ్చట మాత్రము హోమ్సే చదువబడు గ్రంథ మైనాడు. వాట్సన్ దానిని తప్పు లేకుండ చదివినాడు. ఎట్లు చదువగలిగెను? దీనికి సమాధానము తెలియవలెనన్న మొదట ఆ భంగిమలో శరీరమున జరుగునదేమో చూడవలెను.

శరీరములో జరుగు మార్పు

మన భుజసంధి బంతి-గిన్నె కీలు. చేతి పై ఎముకయగు ప్రగండాస్థి శిరస్సు బంతివలె గుండ్రముగా నుండును. అంసఫలకమునందు, అనగా రెక్క ఎముకయందు, దానికి తగిన గుంట కలదు. ఆ గుంట లోతు తక్కువ. అందుచేతనే చేయి అన్ని దిక్కులకు సులభముగా తిరుగగలదు. చేతులను వెనుకకు చేర్చినప్పుడు ప్రగండాస్థి వెనుకకు పోవుటయే గాక కొంత లోపలివైపునకు తిరుగును. అప్పుడు ఒక చేయి రెండవదానిని పట్టుకొనును.

దీనివలన మూడు ఫలితములు కలుగును. మొదటిది: రొమ్మునకు, కడుపునకు ముందు చేతుల అడ్డు తొలగిపోవును. రెండవది: చేతులకు పని లేకుండపోవును. వస్తువును పట్టుకొనవలెనన్నను, దెబ్బ కాచుకొనవలెనన్నను ముందు పట్టు వదలి చేతులను ముందునకు తీసికొని రావలెను. మూడవది: ఎదుటివానికి మన అరచేతులు, వ్రేళ్ళు కనబడవు.

ఈ భంగిమకు జనులు చెప్పు అర్థము లన్నియు ఈ మూడింటినుండియే పుట్టుచున్నవి. మొదటి ఫలితమును చూచువాడు "రొమ్మునకు అడ్డము పెట్టుకొనలేదు కనుక ఇతనికి భయము లేదు, అధికారి" అనును. రెండవదానిని చూచువాడు "చేతులకు పని లేదు కనుక ఇతని పని యంతయు తలలో జరుగుచున్నది" అనును. మూడవదానిని చూచువాడు "చేతులు దాచినాడు కనుక మనస్సునుకూడ దాచుచున్నాడు" అనును. ముగ్గురును చూచిన శరీర మొక్కటే. ఏ ఫలితమును ఎన్నుకొనవలెనో భంగిమ తనంత తాను చెప్పదు.

నడుచువాని విషయములో మరియొకటి చేర్చవలెను. మామూలు నడకలో కుడికాలు ముందునకు పోవునప్పుడు ఎడమచేయి ముందునకు ఊగును. కాళ్ళ కదలికవలన మొండెము ప్రక్కలకు తిరుగకుండ ఈ ఊపు సర్దుబాటు చేయును. కొలిన్స్, అడామ్‌చిక్, కువో అను శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశోధనలో, చేతులను ఊపకుండ బిగబట్టుకొని నడచినవారికి శక్తివ్యయము 12 శాతము హెచ్చినది. వారు పరీక్షించినది చేతులు ప్రక్కలనే నిలిపిన నడకను. అయినను, ఊపు మానిన నడక ఖర్చుతో కూడినదని దీనివలన తెలియును. గదిలో నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు తిరుగువానికి ఈ ఖర్చు లెక్కలోనిది కాదు. త్వరగా దూరము పోవలసినవాడు మాత్రము చేతులు విడిచియే నడచును. కావున గదిలో చేతులు వెనుక కట్టి వడిగా తిరుగువాడు ఏ చోటికిని పోవుట లేదని మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును.

నడక ఆలోచనకు తోడ్పడునా? అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఒపెజ్జో, ష్వార్ట్జ్ అనువారు చేసి 2014లో ప్రకటించిన ప్రయోగములలో, కూర్చున్నప్పటికంటె నడచునప్పుడు జనులకు క్రొత్త ఊహలు ఎక్కువగా తోచినవి. అయితే అవి నడకను గూర్చిన ప్రయోగములు. చేతుల స్థానమును గూర్చినవి కావు.

ఒకే భంగిమ, వేరువేరు మనుష్యులు

ఎన్.సి.సి. కవాతులో "విశ్రామ్" అను ఆజ్ఞ వినగానే విద్యార్థి ఎడమకాలిని ప్రక్కకు జరిపి చేతులను వెనుకకు చేర్చును. అది అధికారము కాదు, ఆజ్ఞాపాలనము. బ్రిటిష్ రాణి భర్తయగు ప్రిన్స్ ఫిలిప్ (1921-2021) చేతులు వెనుక పెట్టుకొని నడచుచున్న ఛాయాచిత్రము లనేకము కలవు. అది హోదాగల వ్యక్తి అలవాటు. వస్తుప్రదర్శనశాలలో అద్దపు పెట్టెముందు అట్లు నిలిచినవాడు దేనిని ముట్టుకొనరాదన్న జాగ్రత్తలో నుండవచ్చును. సంకెళ్ళు వేయబడిన ఖైదీ చేతులును వెనుకనే యుండును. సేవకుడు, ప్రభువు, ప్రేక్షకుడు, బందీ - నలుగురి కండరములును ఇంచుమించు ఒకే స్థితిలో నున్నవి. అర్థములు మాత్రము ఒండొంటికి విరుద్ధములు.

దేశాచారము మారినను అర్థము మారును. తెలుగుదేశమున పెద్దలయెదుట, ఉపాధ్యాయునియెదుట రొమ్ముమీద చేతులు కట్టుకొని నిలుచుట వినయమునకు గుర్తు. పాశ్చాత్యదేశములలో ప్రచారములోనున్న హావభావ గ్రంథములు పెక్కింటిలో ఆ భంగిమకే "ఎదుటివాని మాటను నిరాకరించుట" అని అర్థము చెప్పబడినది. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు రే బర్డ్‌విజిల్ 1952లో శరీరచలనముల అధ్యయనమును ఒక శాస్త్రముగా ప్రతిపాదించినాడు. ప్రపంచమంతట ఒకే అర్థము నిచ్చు చలనము లేదనియు, సందర్భమును విడిచి దేనికిని అర్థము చెప్పరాదనియు అతని సిద్ధాంతము. ముఖమునందలి ఉద్రేకముల విషయములో ఈ మాటను అంగీకరింపని శాస్త్రజ్ఞులు కలరు. చేతులు పెట్టుకొను తీరువంటి భంగిమల విషయములో మాత్రము పై ఉదాహరణములు దానిని బలపరచుచున్నవి.

వాట్సన్ అనుమితి

ఇప్పుడు బేకరు వీధికి తిరిగి పోదము. వాట్సన్ చూచినది చేతులను మాత్రమే కాదు. వంగిన తల, వడిగల నడక, అటునిటు తిరుగుట, రాత్రివేళ, వెలుగుచున్న గది - ఇవన్నియు కలిపి చూచినాడు. వీనికంటె ముఖ్యమైన ఆధారము అతని చిరకాల పరిచయము. హోమ్స్‌కు పని లేనప్పుడు మాదకద్రవ్యమునకు లోబడి మందముగా పడియుండుట, పని దొరకినప్పుడు ఉత్సాహముతో తిరుగుట అతడు పలుమారులు చూచియున్నాడు. కావున అతని తర్కము "చేతులు వెనుక నుంచుకొనువా రందరును ఆలోచనాపరులు" అనునది కాదు. "ఈ మనిషి పని చేయునప్పుడు ఇట్లుండును, పని లేనప్పుడు ఇట్లుండడు, ఇప్పుడిట్లున్నాడు, కావున పని చేయుచున్నాడు" అనునది. మొదటిది సామెతవంటిది. రెండవది పూర్వానుభవముతో సరిపోల్చి చేసిన అనుమితి. పైగా అతడు మేడ ఎక్కి స్వయముగా చూచి దానిని నిర్ధారణ చేసికొనెను.

డాయిల్ వైద్యవిద్యార్థి. 1881లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున పట్టము పొందినాడు. అచ్చట అతనికి గురువైన శస్త్రవైద్యుడు జోసెఫ్ బెల్ (1837-1911) రోగిని చూచినంతనే అతని వృత్తి మొదలగు సంగతులు చెప్పుటలో ప్రసిద్ధుడు. హోమ్స్ పాత్రకు అతడే మాతృక. మంచి వైద్యుడు ఒక్క లక్షణము చూచి రోగము పేరు చెప్పడు. పెక్కు లక్షణములను, రోగి పూర్వచరిత్రను కలిపి చూచును. వాట్సన్ కిటికీ తెరను చదివినది ఈ వైద్యపద్ధతిలోనే.

తొందరపాటునకు శాస్త్రమిచ్చు హెచ్చరిక

పరిచయము లేని మనిషిని ఒక్క భంగిమను బట్టి నిర్ణయించుట ఎంత ప్రమాదకరమో ఛార్లెస్ డార్విను నాడే గుర్తించెను. ఉద్రేకముల ప్రకటనమును గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథమున అతడొక అనుభవము తెలిపినాడు. డ్యుషెన్ అను ఫ్రెంచి వైద్యుడు తీసిన ముఖముల ఛాయాచిత్రములను, ప్రక్కనున్న వివరణ చదువుచు చూచినప్పుడు, దాదాపు అన్నియు యథార్థముగా తోచెనట. వివరణ లేకుండ చూచియుండినచో కొన్నింటి విషయమున తానును ఇతరులవలెనే తికమకపడి యుందునని అతడు ఒప్పుకొనెను. అనగా, అర్థము ముందుగా తెలిసినచో బొమ్మలో అదే కనబడును.

"చేతులు దాచినవాడు మాటయు దాచును" అను నమ్మకమునకు బలమెంత? బాండ్, డిపాలో అను శాస్త్రజ్ఞులు 2006లో అనేక ప్రయోగముల ఫలితములను ఒకచోట చేర్చి లెక్కించిరి. ఎదుటివారు చెప్పునది నిజమో అబద్ధమో కనిపెట్టుటలో జనులకు సగటున 54 శాతము మాత్రమే సరిపోయినది. బొమ్మ-బొరుసు వేసి చెప్పినను 50 శాతము సరిపోవును గదా!

"అధికార భంగిమ" కథయు ఇట్టిదే. ఠీవిగల భంగిమలో కొద్ది నిమిషములున్నచో శరీరములోని హార్మోనులే మారునని 2010లో 42 మందిపై చేసిన ప్రయోగము నాధారముగా కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది లోకమంతట ప్రచారమైనది. 2015లో 200 మందిపై మరల ప్రయోగింపగా, ధైర్యము కలిగినట్లు తోచుట నిజమే గాని హార్మోనులలో మార్పు కనబడలేదు. మొదటి ప్రయోగము చేసినవారిలో ఒకరైన డానా కార్నీయే తనకు ఆ ఫలితములయందు విశ్వాసము లేదని 2016లో బహిరంగముగా తెలిపినది. శాస్త్రజ్ఞులు ఇట్లు తమ పనిని తామే సరిదిద్దుకొనుట వలననే శాస్త్రము పెరుగుచున్నది.

తరగతిగదిలో ఈ సంగతి

ఈ విషయము కథలు చదువుకొను వారికి మాత్రమే సంబంధించినది కాదు. ప్రశ్న అడిగినప్పుడు చేతులు వెనుక పెట్టుకొని నిలిచిన బాలుని చూచి "వీనికి పొగరు" అనుకొను ఉపాధ్యాయుడును అనుమితియే చేయుచున్నాడు. ఆ బాలుడు కవాతులో నేర్చిన మర్యాదనే చూపుచుండవచ్చును. సిరా అంటిన వ్రేళ్ళు కనబడకుండ దాచుకొనుచుండవచ్చును. వణకు చేతులను ఒకదానితో నొకటి పట్టి ఆపుకొనుచుండవచ్చును. ప్రతిదినము అతనిని చూచుచున్న ఉపాధ్యాయునకు వాట్సన్‌కున్న సౌకర్యమే కలదు. దానిని వాడుకొనక మొదటి చూపునకే తీర్పు చెప్పినచో నష్టపోవువాడు బాలుడు.

మరియొక ముఖ్యవిషయము. చేతులు మాట్లాడువానికిని పనికివచ్చును. పుట్టుకతో చూపు లేని బాలబాలికలు సైతము మాట్లాడునప్పుడు చేతులు కదలింతురని ఐవర్సన్, గోల్డిన్-మెడో అనువారు 1998లో ప్రకటించిరి. వారు ఇతరుల చేతులను చూచి నేర్చినవారు కారు. 2001లో గోల్డిన్-మెడో, ఆమె సహచరులు మరియొక ప్రయోగము ప్రకటించిరి. కొన్ని మాటలనో అక్షరములనో జ్ఞాపకముంచుకొనుచు, ఒక లెక్కను చేసిన విధానమును వివరింపుమని పిల్లలను, పెద్దలను కోరిరి. చేతులు ఆడించుచు వివరించినవారికి, చేతులు కదల్పక వివరించినప్పటికంటె ఎక్కువ అంశములు జ్ఞాపకమున్నవి. చేతుల కదలిక మనస్సుమీది బరువును కొంత తగ్గించునని దీని తాత్పర్యము. కావున విద్యార్థి క్షేత్రగణిత సిద్ధాంతమును వివరించునప్పుడు "చేతులు కట్టుకొని చెప్పుము" అని ఆజ్ఞాపించుటకు ముందు ఉపాధ్యాయు డొకమారు ఆలోచింపవలెను. వినునప్పుడు చేతులు కట్టుకొనుట మర్యాద కావచ్చును. విడమరచి చెప్పునప్పుడు వానిని విడిచిపెట్టుటయే మేలు.

విద్యార్థులు చేయదగిన పరిశీలన

ఖర్చు లేని చిన్న పరిశీలన నొకదానిని మీ పాఠశాలలోనే చేయవచ్చును. ఒక వారము దినములు, చేతులు వెనుక పెట్టుకొనినవారు కనబడినప్పుడెల్ల నాలుగు సంగతులు వ్రాసికొనుడు: చోటు, వారు చేయుచున్న పని, అంతకుముందు జరిగిన సంగతి, తరువాత జరిగిన సంగతి. వ్యక్తుల పేర్లు వ్రాయనక్కరలేదు. పిమ్మట భంగిమను మాత్రము మిత్రునకు వర్ణించి, కారణ మూహింపుమని అడుగుడు. తరువాత మిగిలిన నాలుగు సంగతులు చెప్పి మరల అడుగుడు. రెండు ఊహలకును ఎన్నిమారులు తేడా వచ్చినదో లెక్కించి పట్టిక వేయుడు. సందర్భమునకు గల బలము ఆ పట్టికలోనే మీకు కనబడును.

షెర్లాక్ హోమ్స్ వీపు వెనుక చేతులు చెప్పిన సంగతి నిజమే. కాని అది చేతులు ఒంటరిగా చెప్పినది కాదు. వంగిన తల, వడిగల నడక, చిరకాల పరిచయము కలిసి చెప్పినది. తెలియనివాని చేతులను చూచినప్పుడు మనకు లభించునది ఒక ప్రశ్న మాత్రమే. జవాబు కావలెనన్న వాట్సన్‌వలె మేడ ఎక్కి తలుపు తట్టవలెను.