మందమా, బిగువా? మెటల్ బేస్ తీగలపై అపోహలు – వాస్తవాలు

మెటల్ వాయించే బేసిస్టుల మధ్య ఒక నమ్మకం గట్టిగా నాటుకుంది. శ్రుతి ఎంత కిందికి దించితే తీగ అంత లావుగా ఉండాలి, తీగ ఎంత లావైతే మోత అంత గంభీరంగా ఉంటుంది అన్నది ఆ నమ్మకం. ఇందులో మొదటి సగం కొంతవరకు నిజం, రెండో సగం పొరపాటు. రెండూ కలిసి ఒకే మాటగా చలామణి అవుతున్నాయి. అందుకే దుకాణానికి వెళ్లిన కుర్రాడు ప్యాకెట్లన్నిటిలోకీ పెద్ద అంకె ఉన్నది ఏరుకుని ఇంటికొస్తాడు. తీరా బిగించాక గిటార్ గొంతు ఎందుకు పూడుకుపోయిందో అర్థంకాక యాంప్‌నీ పెడల్‌నీ అనుమానిస్తాడు. తీగను ఎంచుకునేటప్పుడు నిజంగా చూడాల్సినవి రెండు. వాయించబోయే శ్రుతిలో అది ఎంత బిగువుగా నిలుస్తుంది? ఆ బిగువు సంపాదించడానికి తేలిగ్గా వంగే గుణాన్ని ఎంత పోగొట్టుకుంటుంది? ప్యాకెట్ మీది అంకె ఈ రెంటికీ నేరుగా జవాబు చెప్పదు.

లెక్క కొత్తదేమీ కాదు. తీగ పలికే స్వరం దాని నిడివి, బిగువు, బరువుల మీద ఎలా ఆధారపడుతుందో ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ 1636లోనే గ్రంథస్థం చేశాడు. నిడివీ బరువూ మారకపోతే, బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని అనుసరించి మారుతుంది. శ్రుతి కాస్త దించినా బిగువు బాగా పడిపోవడానికి కారణం ఆ వర్గమే. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా మంద్రమైన 'ఇ' తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. దాన్ని ఒక్క సెమిటోన్ దించితే 11 శాతం బిగువు పోతుంది. 'డి'కి దించితే 21 శాతం, 'సి'కి దించితే 37 శాతం, 30.9 హెర్ట్జ్ దగ్గరుండే 'బి'కి దించితే ఏకంగా 44 శాతం పోతుంది. అంత వదులైన తీగ ఫ్రెట్ల మీద పడి కొట్టుకుంటుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది శ్రుతిది. గట్టిగా మీటగానే తీగ సాగి, మొదటి క్షణంలో స్వరం పైకి లేచి, తర్వాత తన చోటికి జారుతుంది. బిగువైన తీగ కూడా సాగుతుంది గానీ, దాని మొత్తం బిగువులో ఆ పెరుగుదల చిన్న వాటా. వదులు తీగలో అదే పెద్ద వాటా. వేగంగా సాగే రిఫ్‌లో ప్రతి స్వరమూ ఇలా పైనుంచి జారుతూ మొదలైతే బ్యాండ్ మొత్తం అపశ్రుతిగా వినిపిస్తుంది. కాబట్టి కిందికి దిగేకొద్దీ లావు తీగ కావాలన్న మాటలో నిజం ఉంది. ఎంత లావు అన్న దగ్గరే తప్పుదారి మొదలవుతుంది.

ఐదు తీగల బేస్ వైపు చూస్తే ఆ 'ఎంత'కు మంచి కొలబద్ద దొరుకుతుంది. మామూలు సెట్‌లో 'బి' తీగ మందం 130, అంటే అంగుళంలో వెయ్యింట 130 వంతులు, దాదాపు 3.3 మిల్లీమీటర్లు. పక్కనే ఉండే 'ఇ' తీగ 105. తీగ బరువు సుమారుగా మందం వర్గాన్ని అనుసరిస్తుందనుకుని లెక్కిస్తే, ఆ 'బి' తీగ బిగువు 'ఇ' కన్నా దాదాపు 14 శాతం తక్కువ. దశాబ్దాలుగా లోకం ఒప్పుకుని వాయిస్తున్న 'బి' తీగే 'ఇ' కన్నా వదులుగా ఉంటుందన్నమాట. దాన్నే ప్రమాణంగా పెట్టుకుంటే 'డి'కి 110, 'సి'కి 125, 'బి'కి 130, 'ఎ'కి 145 మందమున్న తీగలు ఇంచుమించు ఒకే బిగువు ఇస్తాయి. రెండు సెమిటోన్లు దించడానికి 105 నుంచి 110కి మారితే చాలు, తేలిక చేతివాళ్లకు ఆ మార్పు కూడా అక్కర్లేదు. అలాంటి చోట 130 తీగ బిగించేవాళ్లు సమస్య లేని చోట మందు వేస్తున్నారు.

ప్యాకెట్లో వచ్చిన నాలుగు తీగలూ ఒకదానికొకటి సరిపోతాయన్నది దీని పక్కనే పెరిగిన అపోహ. 45, 65, 85, 105 తీగలున్న సెట్‌నే తీసుకోండి. మామూలు శ్రుతిలో వీటిలో 'డి' తీగ తక్కినవాటికన్నా బిగువు, 'ఇ' కన్నా దాదాపు ఐదో వంతు ఎక్కువ. తయారీదారులకు ఇది తెలియక కాదు. వాడుకరుల చేతులు దానికి అలవాటుపడ్డాయి. సమాన బిగువు కోసం డి'అడారియో సంస్థ విడిగా అమ్మే సెట్‌లో మందాలు 45, 60, 80, 107. పై లెక్కలో వేసి చూస్తే నాలుగూ దాదాపు ఒకే అంకెకు వస్తాయి. డ్రాప్ 'సి' వాయించేవాళ్లకు ఈ సంగతి డబ్బు మిగులుస్తుంది. ఆ పద్ధతిలో పై మూడు తీగలు రెండేసి సెమిటోన్లు, కింది తీగ మాత్రం నాలుగు సెమిటోన్లు దిగుతాయి. మొదట్నుంచీ బిగువు ఎక్కువున్న 65, 85 తీగలు రెండు సెమిటోన్లు దిగాక మామూలు 'ఇ' తీగ దరిదాపులకు వచ్చి ఆగుతాయి. వాటిని అలాగే ఉంచి, కింది 105 స్థానంలో విడిగా కొన్న 125 తీగ ఒక్కటి వేస్తే పని అయిపోతుంది. మొత్తం సెట్‌నే లావుగా మార్చినవాళ్లకు పై తీగలు అవసరం లేకుండా మొండికేస్తాయి.

ఇక అసలు అపోహ. లావు తీగలో 'లో ఎండ్' ఎక్కువ ఉంటుందని చాలామంది బేసిస్టులు ప్రమాణం చేసి చెబుతారు. కానీ లావు తీగకు బరువే కాదు, బిరుసుతనం కూడా ఉంటుంది. ఆదర్శమైన తీగలో అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) మూలస్వరానికి సరిగ్గా రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉంటాయి. బిరుసు తీగ చివరల దగ్గర తేలిగ్గా వంగదు గనుక, అనుస్వరాలు ఉండాల్సిన చోటికన్నా కాస్త పైకి జరుగుతాయి. పైకి పోయేకొద్దీ ఆ జరుగుడు పెరుగుతుంది. అప్పుడు చెవికి స్పష్టమైన స్వరం బదులు శ్రుతి తెలియని ఒక మొద్దు చప్పుడు అందుతుంది. పియానో తయారీదారులు ఈ చిక్కును ఎప్పుడో ఎదుర్కొన్నారు. మంద్రస్వరాలకు లావైన ఉక్కు కడ్డీ వాడకుండా, సన్నని ఉక్కు తీగ చుట్టూ రాగి తీగ చుట్టారు. బరువు పెరగాలి, లోపలి తీగ మాత్రం వంగుతూ ఉండాలి. బేస్ తీగ నిర్మాణమూ ఇదే, నడుమ ఉక్కు కోర్, దాని చుట్టూ పొరలు పొరలుగా చుట్టు. ఒకే మందమున్న రెండు కంపెనీల తీగలు చేతికి వేర్వేరుగా తగలడానికి కారణం కోర్‌కీ చుట్టుకీ మధ్య పంపకంలో తేడా. బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి పై చుట్టు ఆపేసి సన్నబడేలా చేసిన టేపర్ తీగలు కూడా ఈ బిరుసును తగ్గించడానికే పుట్టాయి. 'బి' కిందికి వెళ్లేవాళ్లు ఇంకో 10 వంతుల మందం కోసం పాకులాడేముందు ఒక టేపర్ తీగ వేసి చూడటం మంచిది.

లావు తీగ మూలస్వరాన్ని బలంగా పలికితే ఆ మేరకు గంభీరత పెరగదా అని అడగవచ్చు. పలికినా అది వినేవాడికి చేరాలి కదా. రాక్, మెటల్ వేదికల మీద తరాలుగా నిలబడ్డ బేస్ కేబినెట్ ఆంపెగ్ ఎస్‌వీటీ, అందులో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. దాని 810ఇ నమూనాకు కంపెనీ ఇచ్చిన వివరాల్లో శబ్దం 58 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్, 40 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ పడిపోతుంది. మామూలు 'ఇ' తీగ మూలస్వరమే ఆ అంచున ఉంది. 30.9 హెర్ట్జ్ 'బి' సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఆ కేబినెట్‌లోంచి 'బి' మనకు 'బి'గానే వినిపిస్తుంది, ఎందుకంటే మూలస్వరం లేకపోయినా అనుస్వరాల మధ్య దూరాన్ని బట్టి మెదడు దాన్ని పూరించుకుంటుంది. ఫోన్ స్పీకర్లో సినిమా పాట వింటూ కూడా బేస్ వరస పట్టుకోగలగడం ఈ శక్తి వల్లే. అంటే మంద్రస్వరం వినిపించే భారం అనుస్వరాల మీదే పడుతోంది. తీగ బిరుసెక్కి ఆ అనుస్వరాలే చెదిరితే గంభీరత పెరగడానికి బదులు తరుగుతుంది. పైగా మెటల్‌లో గిటార్లు కూడా దిగి బేస్ చోటులోకి వస్తాయి. 'బి'కి దించిన గిటార్ అట్టడుగు తీగ 61.7 హెర్ట్జ్‌లో మోగుతుంది, కిక్ డ్రమ్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆ రద్దీలో బేస్‌ను గుర్తుపట్టించేది పైనున్న గరగర, తీగ మీద మీటు పడ్డ చప్పుడు.

మెటల్ చరిత్ర కూడా లావు తీగల పక్షాన నిలబడదు. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీకి 17 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వల్ల తీగలు నొక్కే చెయ్యి అదే. నొప్పి లేకుండా నొక్కడానికి ఆయన సన్నని తీగలు వెతుక్కున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలు మూడు సెమిటోన్లు కిందికి దిగాయి. బ్యాండ్ బేసిస్టు గీజర్ బట్లర్ బేస్ కూడా గిటార్ వెంట దిగింది. తర్వాతి డూమ్, స్లడ్జ్ శైలులన్నిటికీ పునాది పడింది ఇక్కడే. ఆ బరువైన నాదం పుట్టింది బిగువు తగ్గించాలన్న అవసరంలోంచి. దీనికి న్యాయమైన ఆక్షేపణ ఒకటుంది. ఆ పాటలు నెమ్మదివి, నేటి మెటల్‌లో డబుల్ కిక్‌తో పోటీపడి పిక్‌తో బాదాలి, అక్కడ వదులు తీగ నిలవదు అంటారు. నిలవదన్నది నిజమే, కానీ బాదేవాడికి కావలసిన బిగువుకు కూడా హద్దుంది. పైన చెప్పిన కొలబద్ద మీద ఒక మెట్టు, అంటే 'బి'కి 135, మరీ గట్టి చేతికి 140, ఎక్కితే ఆ అవసరం తీరుతుంది. అంతకు మించితే చేతికి దొరికే ఎదురు చెవికి దొరికే స్పష్టతను తినేస్తుంది. ఇద్దరు వాద్యకారులకు ఒకే శ్రుతిలో వేర్వేరు తీగలు సరిపోవడం సహజం. మీటే చేతి బలాన్ని పక్కన పెట్టి చెప్పే సలహా ఏదైనా సగమే.

తీగ లోహం గురించిన అపోహలు ఇంత లోతైనవి కావు. మెటల్‌కి రౌండ్‌వౌండ్ స్టీల్ తీగలే పనికొస్తాయి, నునుపైన ఫ్లాట్‌వౌండ్ జాజ్‌కి మాత్రమే అంటారు. ఐరన్ మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హ్యారిస్ ఫ్లాట్‌వౌండ్‌తోనే ఆ గుర్రపు దౌడు లయ సృష్టించాడు. రోటోసౌండ్ ఆయన పేరుతో 50 నుంచి 110 వరకు మందాలున్న ఫ్లాట్‌వౌండ్ సెట్ అమ్ముతోంది. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్‌ను విన్న దక్షిణాది అభిమానులకు ఆ టకటక గుర్తుండే ఉంటుంది. హ్యారిస్ మామూలు శ్రుతిలోనే వాయిస్తాడు గనుక, ఈ సాక్ష్యం ఫ్లాట్‌వౌండ్ మొద్దుగా మోగుతుందన్న మాటను మాత్రమే కొట్టేస్తుంది. బాగా కిందికి దించేవాళ్లకు అనుస్వరాలు ఎక్కువిచ్చే స్టీల్ రౌండ్‌వౌండే సుళువు. అంతకన్నా ముఖ్యం తీగ వయసు. చుట్ల సందుల్లో చెమట, మురికి చేరి పై అనుస్వరాలను ముందుగా చంపేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత తీరాల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. వాయించిన వెంటనే తీగలు తుడిచిపెట్టుకోవడం, పాతబడగానే మార్చడం నాదానికి తెచ్చే తేడా 5 వంతుల మందం ఎప్పటికీ తేలేదు.

34 అంగుళాల బేస్ మీద 'బి' పలకదు, 35 అంగుళాలది కొనాల్సిందే అన్న మాట ఖరీదైన అపోహ. ఒక అంగుళం నిడివి పెంచితే బిగువు పెరిగేది 6 శాతమే, అర సెమిటోన్ పాటి. 130 తీగ తీసి 135 వేస్తే 8 శాతం వస్తుంది. బిరుసు పెరగకుండా బిగువు పెరగడం నిడివిలోని మేలు, దాన్ని కాదనను. అయితే ఆ మేలు నిజంగా తెలియాలంటే ఒక్క అంగుళం చాలదు. డింగ్‌వాల్ బేస్‌లలో ఫ్రెట్లు విసనకర్రలా పరుచుకుని మంద్రతీగకు 37 అంగుళాల నిడివి ఇస్తాయి. అక్కడ లాభం 18 శాతం, అది వేళ్లకూ చెవికీ తెలుస్తుంది.

నాలుగు తీగల బేస్‌కు 130 తీగ వేస్తే నెక్ వంగిపోతుందని భయపడేవాళ్లు కూడా మందాన్నే బిగువు అనుకుంటున్నారు. ఐదు తీగల సెట్‌లోంచి సన్నని 'జి' తీసేసి, మిగిలిన 130, 105, 85, 65 తీగలను బి-ఇ-ఎ-డి శ్రుతిలో పెట్టండి. నెక్ మీద పడే మొత్తం లాగుడు మామూలు సెట్ కన్నా సుమారు 4 శాతం తక్కువగా తేలుతుంది. ట్రస్ రాడ్‌ను కాస్త సర్దాల్సి రావచ్చు, అదీ లాగుడు తగ్గినందుకు. అసలు జాగ్రత్త పడాల్సిన చోటు నట్. 105 కోసం కోసిన గాడిలో 130 తీగ కూర్చోదు. పైన తేలిపోయి మొదటి ఫ్రెట్లలో స్వరాలన్నీ పైకి ఎక్కుతాయి. గాడి వెడల్పు చేస్తే, మళ్లీ మామూలు శ్రుతికి వచ్చిన రోజు 105 తీగ అందులో వదులుగా గిలకొడుతుంది. ఆ శ్రుతిలోనే ఉండిపోతామని తేలాకే ఆకురాయి పట్టాలి, లేదా కొత్త గాళ్లతో ఇంకో నట్ చేయించుకుని పాతది దాచుకోవాలి. లావు తీగను ట్యూనర్ రంధ్రం పట్టుకుంటుందో లేదో కూడా కొనకముందే చూసుకోవాలి. తర్వాత బ్రిడ్జ్ దగ్గర ఆ తీగ శాడిల్‌ను వెనక్కి జరిపి, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం సరిపోయేదాకా ట్యూనర్‌తో సరిచూసుకోవాలి.