కుకీ బయటపెట్టిన గుట్టు

పోయిన సంక్రాంతికి పెద్దబ్బాయి కుటుంబంతో బరంపురం వచ్చినప్పుడు, నాకు షుగరు వచ్చిందన్న సంగతి మా ఇంటి కంప్యూటరే వాడికి చెప్పేసింది.

డాక్టరుగారు చెప్పి అప్పటికి మూడు నెలలు. పిల్లలు కంగారు పడతారని, పైగా అరిసెలు నోటిదాకా రానివ్వరని, ఎవరికీ చెప్పలేదు. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే ఒక వెబ్‌సైటులో షుగరు చూసుకునే స్ట్రిప్పులు వెతికి తెప్పించుకునేదాన్ని. భోగినాడు అబ్బాయి అదే కంప్యూటరులో వార్తలు చదువుతుంటే పక్కన ఆ స్ట్రిప్పుల ప్రకటనే! "ఇవెవరికమ్మా?" అన్నాడు. ఏం చెప్పను?

"మామ్మా, ఇది కుకీ పని" అంది మనవరాలు. బిస్కెట్టేం చేసిందే అన్నాను. బిస్కెట్టు కాదట, వెబ్‌సైటు మన బ్రౌజరులో దాచే చిన్న చీటీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు లూ మాంటుల్లీ కనిపెట్టాడట.

గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను గుర్తుతెచ్చుకోండి. మన చేతిలో ఉండేది నంబరే, చెప్పులు వాళ్ల దగ్గరుంటాయి. కుకీలోనూ చాలావరకు నంబరే. మనం ఏం చూశామో, ఏం కొన్నామో వాళ్ల కంప్యూటర్లలో ఉంటుంది. బుట్టలో వేసిన కందిపప్పు పేజీ మారినా అలాగే ఉండడం ఈ టోకెను చలవే. దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ మూడోవాడితో. దుకాణం పేజీలో ప్రకటనల కంపెనీలు కూడా తమ టోకెను మన చేతిలో పెడతాయి. వార్తల పేజీలోనూ వాళ్లే కూర్చుని ఉంటారు. ఇంకేముంది, గుర్తుపట్టేస్తారు!

ఆపిల్‌వారి సఫారీ 2020 నుంచి ఈ 'థర్డ్ పార్టీ' కుకీలను తనంతట తానే ఆపేస్తోంది. మాది క్రోమ్. మనవరాలు సెట్టింగుల్లోకి వెళ్లి ఆపింది, పాతవన్నీ తుడిచింది. తుడిచాక మళ్లీ లాగిన్ కావాలి కదా, పాస్‌వర్డు గుర్తురాక అరగంట తిప్పలు పడ్డాను. ప్రైవేటు విండోలో చూస్తే, దాన్ని మూసేయగానే అక్కడి కుకీలు పోతాయి. లాగిన్ అయి కొన్న లెక్క మాత్రం దుకాణంవాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది.

నన్ను బాధపెట్టింది ఇంకోటి. మొదటిరోజే ఆ సైటు ఇంగ్లీషులో ఏదో అడిగితే, రంగులో మెరుస్తున్న పెద్ద బొత్తాం నొక్కేశాను. వద్దనడానికి కింద చిన్నక్షరాల్లో దారి ఉందట. నేను బడిలో ఒడియా చదివాను, తెలుగు ఇంట్లో మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. ఆ ఇంగ్లీషు నాకెలా తెలుస్తుంది? దేనికి ఒప్పుకున్నానో తెలియకుండానే ఒప్పుకున్నాను.

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలుండాలి. అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. సమ్మతిని వెనక్కి తీసుకోవడమూ ఇచ్చినంత సులువుగా ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. గడువు తీరగానే ఆ సైటువాళ్లను తెలుగు నోటీసు అడగబోతున్నాను.

అబ్బాయి మాత్రం వెళ్తూ వెళ్తూ అరిసెల డబ్బా పట్టుకుపోయాడు.