16 ఏళ్లా, 17 ఏళ్లా? ఇంజినీరింగ్ చదువుకు ఫౌండేషన్, డిప్లొమా దారుల లెక్క

ఒకటో తరగతి నుంచి లెక్కపెడితే ఇంజినీరింగ్ పట్టా చేతికి రావడానికి మన దగ్గర 16 ఏళ్లు పడుతుంది. ఇంటర్ దారిలో 12 ఏళ్లు, ఆపైన బీటెక్ 4. పాలిటెక్నిక్ దారిలో పదో తరగతి దాకా 10, డిప్లొమా 3, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో 3. బాసర ట్రిపుల్ ఐటీలో పది తర్వాత ఏకంగా 6. ఎటు నుంచి వెళ్లినా 16 దగ్గరే కలుస్తాం. ఇంటర్ పాసైన విద్యార్థి ఆస్ట్రేలియాలో ఫౌండేషన్ కోర్సు చేసి ఇంజినీరింగ్‌లో చేరితే మాత్రం ఆ లెక్క 17 అవుతుంది.

ఆ పదిహేడో ఏడాది ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నది సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) లాంటి మండలంలో పది, ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయం. సూర్యాపేటలోనో, కోదాడలోనో, హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీ కుర్చీలో కూర్చునే ముందే ఈ లెక్క చేతిలో ఉండాలి.

ముందుగా రెండు కోర్సుల తేడా తేల్చుకోవాలి. విదేశాల్లో ఫౌండేషన్ అంటే డిగ్రీ మొదటి ఏడాదిలోకి తీసుకెళ్లే కోర్సు. అది మన ఇంటర్ స్థాయి చదువే: మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్. డిప్లొమా మరొకటి. ఆస్ట్రేలియాలో యూనివర్సిటీలకు అనుబంధంగా నడిచే కాలేజీలు ఇచ్చే ఇంజినీరింగ్ డిప్లొమా డిగ్రీ మొదటి ఏడాదికి సమానం. అది పాసైతే నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవచ్చు. మెల్‌బోర్న్‌లో మోనాష్ కాలేజీ, పెర్త్‌లో కర్టిన్ కాలేజీ ఇలాంటివే. అంటే ఫౌండేషన్‌తో 12, 1, 4 కలిపి 17. డిప్లొమాతో 12, 1, 3 కలిపి 16. బయటి నుంచి చూస్తే రెండూ ఏడాది కోర్సులే, ఫీజులూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. దిగే మెట్టు మాత్రం వేరు. మన పాలిటెక్నిక్ డిప్లొమాకూ దీనికీ సంబంధం లేదు. మనది పది తర్వాత మూడేళ్లు, వాళ్లది పన్నెండు తర్వాత ఒక్క ఏడాది.

మరి ఫౌండేషన్ ఎందుకు పుట్టినట్టు? ఇంగ్లండ్‌లో బడి చదువు 13 ఏళ్లు. ఆ తర్వాత ఇంజినీరింగ్ డిగ్రీ మూడేళ్లే. మన పిల్లలు 12 ఏళ్లకే బడి ముగిస్తారు కాబట్టి, మధ్యలో ఒక ఏడాది నింపితే అక్కడా మొత్తం 16 అవుతుంది. ఆ లెక్కలో న్యాయం ఉంది. ఆస్ట్రేలియాలో బడి చదువు మనలాగే 12 ఏళ్లు, ఇంజినీరింగ్ ఆనర్స్ డిగ్రీ నాలుగేళ్లు. అక్కడి ఫౌండేషన్ చాలామటుకు పదకొండో తరగతి దాకా చదివి వచ్చిన విదేశీ విద్యార్థులకు పన్నెండో తరగతి బదులుగా పెట్టింది. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పూర్తి చేసిన అమ్మాయికి అదే పాఠం రెండోసారి చెప్పి ఫీజు వసూలు చేయడం నాకు సబబుగా కనిపించదు. ఇంటర్‌లో మార్కులు తగ్గినవాళ్లకో, డిగ్రీకి కావాల్సిన మ్యాథ్స్ చదవనివాళ్లకో అది పనికొస్తుంది. అందరికీ కాదు.

ఇక డబ్బు. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసాకు మొదటి ఏడాది బతకడానికి 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు ఉన్నాయని చూపించాలి. 2024 మే 10 నుంచి ఉన్న నిబంధన ఇది. వీసా ఫీజు 2024 జూలైకి ముందు 710 డాలర్లు. ఆ నెల నుంచి 1,600 చేశారు, 2025 జూలై 1 నుంచి 2,000. వీసా రాకపోయినా ఈ సొమ్ము తిరిగి రాదు. లెక్క తేలిగ్గా ఉండేందుకు డాలరు 55 రూపాయలనుకుందాం. ట్యూషన్ ఫీజు కాలేజీని బట్టి మారుతుంది, ఉదాహరణకు 40,000 డాలర్లు వేసుకుందాం. ట్యూషన్ రూ.22 లక్షలు, బతుకు ఖర్చు రూ.16.34 లక్షలు, వీసా రూ.1.10 లక్షలు. మొత్తం రూ.39.44 లక్షలు. విమానం టికెట్, తప్పనిసరి ఆరోగ్య బీమా ఇందులో లేవు. ఇది డిగ్రీ మొదలవకముందు ఒక్క ఏడాది ఖర్చు.

ఆత్మకూర్ (ఎస్) రైతు దీన్ని వడ్లలో కొలుచుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే రూ.500 బోనస్ కలిపితే రూ.2,889. రూ.39.44 లక్షలకు 1,365 క్వింటాళ్లు కావాలి. ఎకరానికి 25 క్వింటాళ్ల చొప్పున చూసినా దాదాపు 55 ఎకరాల ఒక పంట. అదీ దున్నకం, ఎరువులు, కోత కూలి తీయకముందు మాట. నాలుగెకరాలున్న ఇంటికి ఇది ఆదాయంతో తేలే లెక్క కాదు. భూమి మీదికి వచ్చే లెక్క.

బ్యాంకు లోన్ ఉంది కదా అంటారు. ఉంది. విద్యారుణాల నమూనా పథకంలో రూ.4 లక్షల దాకా హామీ అడగరు. రూ.7.5 లక్షల వరకు ప్రభుత్వ గ్యారంటీ నిధి అండ ఉంటుంది. ఆపైన అప్పుకు మామూలుగా ఆస్తి తాకట్టు పెట్టమంటారు. రూ.39 లక్షల్లో తాకట్టు లేకుండా దొరికేది ఐదో వంతుకూ తక్కువ. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే విదేశీ విద్యానిధి మాటేమిటి? ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకం పేరుతో ఇచ్చే రూ.20 లక్షలు పీజీ, పీహెచ్‌డీ చదువులకే. ఫౌండేషన్‌కు లేదు, విదేశీ డిప్లొమాకు లేదు, విదేశంలో బ్యాచిలర్ డిగ్రీకీ లేదు. కుటుంబ ఆదాయం ఏటా రూ.5 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. అంటే ఇక్కడ బీటెక్ చదివి అక్కడ ఎంఎస్‌కు వెళ్లేవారి వెనకే ప్రభుత్వ సొమ్ము నిలబడుతుంది.

మన పిల్లలు ఎక్కువగా నడిచిన దారీ అదే. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో పీజీ, ఆపై చదువుల్లో 1,96,567 మంది, బ్యాచిలర్ స్థాయిలో 36,053 మంది. నూటికి 11 మందే డిగ్రీ కోసం వెళ్లారు. తెలుగు ఇళ్లలో ఈ తేడా అనుభవంలో ఉన్నదే.

ఇప్పుడు మన ఊరి దారికి వద్దాం. దీన్ని చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అంకెల్లో ఇది చాలా గట్టిగా కట్టిన దారి. పదో తరగతి తర్వాత పాలిసెట్: మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 120 మార్కులు. 36 వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు ఆ గీత లేదు. సూర్యాపేటలో మహిళల ప్రభుత్వ పాలిటెక్నిక్, నల్లగొండలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నాయి. మూడేళ్లలో చేతి పని వస్తుంది, ఫ్యాక్టరీ శిక్షణ ఉంటుంది, ఏ కారణంతో చదువు ఆగినా డిప్లొమాతో ఉద్యోగానికి వెళ్లవచ్చు. విదేశీ ఫౌండేషన్ మధ్యలో ఆగితే చేతిలో మిగిలేది మార్కుల కాగితమే.

డిప్లొమా ముగిశాక ఈసెట్. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఇటీవలి ఏళ్లలో ఉస్మానియా యూనివర్సిటీ దీన్ని నిర్వహిస్తోంది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, 3 గంటలు. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగిలిన 100 మీరు చదివిన బ్రాంచి నుంచి. సగం పరీక్ష మీరు మూడేళ్లు చేసిన పని మీదే అన్నమాట. 50 మార్కులు వస్తే అర్హత. డిప్లొమాలో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నిబంధన ప్రకారం రెండో ఏడాదిలో చేరేవారికి మంజూరైన సీట్లకు అదనంగా 10 శాతం ఉంటాయి. 60 మంది సెక్షన్‌కు 6. మొదటి ఏడాదిలో మిగిలిపోయిన సీట్లూ వీటికి కలుస్తాయి. ఆరు సీట్లంటే పోటీ తేలిక కాదు, పేరున్న కాలేజీల్లో సీఎస్ఈకి మరీను.

కోదాడ దగ్గర అనంతగిరిలో అనురాగ్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, కోదాడలో మహిళలకు కిట్స్ ఉంది, నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఇంటి నుంచి బస్సులో వెళ్లి రాగలిగే దూరాల్లోనో, హాస్టల్లో ఉన్నా నెలకు కొన్ని వేలతో గడిచే చోటనో చదువు పూర్తవుతుంది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీలకు ఆలస్యంగా చేరుతున్న మాట నిజం, ఆ భారం కొన్నిసార్లు పిల్లల సర్టిఫికెట్ల మీద పడుతున్న మాటా నిజం. అయినా 39 లక్షలతో పోల్చాల్సిన భారం కాదు.

ఈ దారిలో గుంత ఒకటుంది, దాచిపెట్టకూడదు. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లు బీటెక్ మొదటి ఏడాది మ్యాథ్స్ చదవకుండానే రెండో ఏడాది మ్యాథ్స్‌లో కూర్చుంటారు. ల్యాబులో ముందుంటారు, డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దగ్గర ఆగిపోతారు. మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్ పడేది ఎక్కువగా ఇక్కడే. ఈసెట్ రాసిన మే నెలకూ తరగతులు మొదలయ్యేందుకూ మధ్య దొరికే వారాల్లో మొదటి ఏడాది మ్యాథ్స్ పుస్తకం తెచ్చుకుని చదివితే ఆ గుంత చాలావరకు పూడుతుంది.

బాసర సంగతి క్లుప్తంగా. 2008లో గ్రామీణ పిల్లల కోసం పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం పది మార్కులతోనే చేర్చుకుంటుంది. మొదటి రెండేళ్లు పీయూసీ, అదే ఫౌండేషన్. ఆ తర్వాత నాలుగేళ్లు బీటెక్, మధ్యలో మరో ఎంట్రెన్స్ లేదు. పదిలో గ్రేడ్లున్న ఏళ్లలో ప్రభుత్వ బడి పిల్లల జీపీఏకు 0.4 కలిపి ర్యాంకు ఇచ్చేవారు. ఫౌండేషన్ అన్న ఆలోచనను పేద ఇంటి పిల్లల కోసం పెద్ద ఎత్తున అమలు చేసిన సంస్థ ఇది.

జర్మనీ లెక్క విడిగా చూడాలి. అక్కడ ఇంటర్ ఒక్కటే చూపించి యూనివర్సిటీలో నేరుగా చేరలేరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత ఉంటే చేరవచ్చు. లేదా ఇక్కడ గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో అదే సబ్జెక్టు ఒక ఏడాది పాసై వెళ్లవచ్చు. రెండూ లేకపోతే స్టూడియెన్‌కొల్లెగ్ అనే సన్నాహక కోర్సు, రెండు సెమిస్టర్లు. ఇంజినీరింగ్‌కు వెళ్లేవారిది టీ విభాగం. ప్రభుత్వ సంస్థల్లో దీనికి ట్యూషన్ ఫీజు దాదాపు ఉండదు, కానీ పాఠం జర్మన్‌లోనే. ముందుగానే జర్మన్ బీ1 స్థాయి కావాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి, యూరో 100 రూపాయలనుకుంటే రూ.11.9 లక్షలు. అది ఫీజు కాదు, నెలకు 992 చొప్పున మీకే తిరిగొచ్చే ఖర్చుల డబ్బు. 2022 నవంబర్ నుంచి మన చదువు పత్రాలు అసలువేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి రూ.18,000. సూర్యాపేట జిల్లా పిల్లాడికి నా సలహా అడిగితే బీటెక్ మొదటి ఏడాది ఇక్కడే పాసవుతూ సాయంత్రాలు జర్మన్ నేర్చుకోమంటాను. ఒకే ఏడాదిలో రెండు పనులవుతాయి. జర్మనీ కుదరకపోతే రెండో ఏడాది ఇక్కడే కొనసాగుతుంది.

ఆస్ట్రేలియానే ఖాయం చేసుకున్నవాళ్లు సంతకానికి ముందు చూడాల్సిన సంగతి ఒకటుంది. ఫౌండేషన్ లేదా డిప్లొమా, ఆపైన డిగ్రీ కలిపి ఒకే ప్యాకేజీగా వీసా తీసుకుంటే డిగ్రీనే ప్రధాన కోర్సుగా లెక్కిస్తారు. ప్రధాన కోర్సులో ఆరు నెలలు నిండేదాకా మరో సంస్థకు మారడానికి ఆ దేశ జాతీయ నియమావళి మామూలుగా ఒప్పుకోదు. ఏడాది డిప్లొమా, ఆపై ఆరు నెలలు: ఏడాదిన్నర పాటు అదే చోట కట్టుబడి ఉండాలి. పైగా డిప్లొమా పాసవడం వేరు, డిగ్రీ రెండో ఏడాదిలోకి వెళ్లడానికి కావాల్సిన సగటు మార్కులు వేరు. బ్రాంచిని బట్టి ఆ సగటు మారుతుంది. ఆఫర్ లెటర్‌లో ఆ అంకె ఎక్కడుందో వెతకండి. ఇంగ్లిష్ కూడా చూసుకోవాలి: 2024 మార్చి 23 నుంచి వీసాకు ఐఈఎల్‌టీఎస్ 6.0 కావాలి, కొన్ని ఫౌండేషన్ దారులకు 5.5. పార్ట్‌టైం పనితో ఫీజు కట్టేయవచ్చన్న మాట నమ్మవద్దు. తరగతులు నడిచే రోజుల్లో పని పరిమితి రెండు వారాలకు 48 గంటలే.

పట్టా విలువ మాట కూడా చెప్పుకోవాలి. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాల మధ్య గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో ఆస్ట్రేలియా 1989లో మొదటి సభ్యుల్లో ఒకటి. భారత్ 2014 జూన్ 13న పూర్తి సభ్యత్వం పొందింది. మన జాతీయ గుర్తింపు బోర్డు ఎన్‌బీఏ ఇచ్చే టైర్-1 గుర్తింపు ఉన్న బ్రాంచి నుంచి వచ్చిన మన బీటెక్‌కూ ఆ గౌరవం వర్తిస్తుంది. టైర్-2 బ్రాంచీలకు వర్తించదు. కాబట్టి ఈసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరుతో పాటు ఆ బ్రాంచికి ఏ టైర్ గుర్తింపు, ఏ ఏడాది దాకా ఉందో ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇస్తారు.

పాలిటెక్నిక్ చదివి విదేశంలో బ్యాచిలర్ చేయాలనుకునేవారి దారి అంత సూటిగా లేదు. పది తర్వాత మూడేళ్ల డిప్లొమాను ఒక యూనివర్సిటీ ఇంటర్‌తో సమానంగా చూస్తుంది, మరొకటి కొన్ని సబ్జెక్టులకు మినహాయింపు ఇస్తుంది, ఇంకొకటి మళ్లీ ఫౌండేషన్ చేయమంటుంది. కన్సల్టెన్సీకి కాలేజీ కమీషన్ ఇస్తుంది కాబట్టి ఈ ప్రశ్న వాళ్లను కాక యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసునే ఈమెయిల్‌లో అడగాలి: నా డిప్లొమా మార్కుల మెమోలు ఇవిగో, నన్ను ఏ ఏడాదిలో కూర్చోబెడతారు, ఎన్ని క్రెడిట్లు మినహాయిస్తారు, మొత్తం ఎన్ని సెమిస్టర్ల ఫీజు కట్టాలి? జవాబు రాతలో వచ్చాకే మొదటి వాయిదా కట్టాలి. ఆస్ట్రేలియాలో పెద్ద చేరికలు ఫిబ్రవరి, జూలైల్లో ఉంటాయి. ఈసెట్ మే నెలలో. ఈమెయిల్ డిసెంబర్‌లోపే పంపిస్తే ఆ జవాబు చేతిలో పెట్టుకుని ఈసెట్‌కు కూడా చదువుకోవచ్చు.