డ్వెమర్లు ఏమయ్యారు?

ఒక జాతి మొత్తం రెప్పపాటులో మాయమైంది. శవాల్లేవు, సమాధుల్లేవు. ఊళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, యంత్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అమెరికాలో తయారైన ఓ ఫ్యాంటసీ గేమ్‌లోని ఈ చిక్కుముడిని విప్పేందుకు అభిమానులు రెండు దశాబ్దాలకు పైగా కుస్తీ పడుతున్నారు. గేమ్ చేసినవాళ్లు మాత్రం పెదవి విప్పడం లేదు.

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2015 జులై 10న మొదటి భాగం విడుదలైనప్పుడు పుట్టిన ఈ ప్రశ్న 2017 ఏప్రిల్ 28 దాకా దేశాన్నంతా ఊపేసింది. టీకొట్టు నుంచి టీవీ స్టూడియో దాకా ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. రెండో భాగం వచ్చింది, కారణం తెలిసింది, ఆ ముచ్చట అంతటితో సరి. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు.

జవాబు రాకపోయి ఉంటే? ఆ పరిస్థితి ఎలా ఉంటుందో తెలియాలంటే ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ అభిమానుల్ని అడగాలి. వాషింగ్టన్ పక్కనే మేరీల్యాండ్ రాష్ట్రంలోని రాక్‌విల్‌లో ఉన్న బెథెస్డా గేమ్ స్టూడియోస్ తయారుచేసే రోల్ ప్లేయింగ్ గేమ్‌ల వరస అది. ఆడేవాళ్లు తమ పాత్రను తామే తయారుచేసుకుని, టామ్రియెల్ అనే ఖండంలో నచ్చిన దారిన తిరుగుతారు. రాక్షసుల్ని చంపొచ్చు, దొంగతనాలు చేయొచ్చు, ఏదీ వద్దనుకుంటే గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు చదవొచ్చు. 2002లో వచ్చిన ‘మారోవిండ్’ నుంచి ఆ పుస్తకాల పురుగుల్ని తొలిచేస్తున్న ప్రశ్న ఒకటే: డ్వెమర్లు ఏమయ్యారు?

కేసు పూర్వాపరాలు

డ్వెమర్లను మిగతా జాతులు డ్వార్ఫ్‌లు అంటాయి గానీ వాళ్లు పొట్టివాళ్లేం కాదు, ఎల్ఫ్ జాతివాళ్లు. భూగర్భంలో నగరాలు కట్టారు. ఆవిరితో నడిచే లోహపు సాలీళ్లను, కాపలా యంత్రాలను చేశారు. దేవుళ్లకు మొక్కే అలవాటు లేదు, అన్నిటికీ తర్కమే వాళ్లకు ప్రమాణం. ఎర్రకొండ కింద వాళ్లకు లోర్కాన్ అనే దేవుడి గుండె దొరికింది. సృష్టికి కారకుడై, దానికి శిక్షగా చచ్చిపోయాడని చెప్పే దేవుడాయన. కాగ్రెనాక్ అనే వాస్తుశిల్పి ఆ గుండెలోని శక్తిని తోడేందుకు మూడు పనిముట్లు చేశాడు: రెయిత్‌గార్డ్ అనే లోహపు చేతితొడుగు, సండర్ అనే సుత్తి, కీనింగ్ అనే బాకు. తమ జాతికి కొత్త దేవుణ్ని తామే తయారుచేసుకోవాలన్నది ఆలోచన.

పొరుగున ఉన్న కైమర్ జాతికి ఇది మహాపరాధంగా తోచింది. వాళ్ల సేనాని నెరెవార్ యుద్ధానికి దిగాడు. మొదటి యుగం 700వ ఏట ఎర్రకొండ దగ్గర పోరు ముదిరిన వేళ డ్వెమర్లు మాయమయ్యారు. యుద్ధభూమిలో ఉన్నవాళ్లే కాదు, ఎక్కడెక్కడో సుదూర నగరాల్లో ఉన్నవాళ్లు కూడా.

మిగిలింది ఒక్కడే. పేరు యాగ్రమ్ బగార్న్. మారోవిండ్‌లో ఓ మాంత్రికుడి గోపురం అడుగున, భయంకరమైన జబ్బుతో శరీరమంతా ఉబ్బిపోయి, కాళ్ల బదులు లోహపు సాలీడు కాళ్ల మీద కదులుతూ కనిపిస్తాడు. ఆ ఘడియలో అతను ఈ లోకంలోనే లేడు, వేరే లోకానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తనవాళ్లు లేరు. ఏం జరిగిందని అడిగితే తనకూ తెలియదంటాడు. మరో పండితుడికి డ్వెమర్ల గ్రంథాలు వెతికి తెచ్చిస్తే చదివి, కాగ్రెనాక్ ఏం చేయబోయాడో చెబుతాడు. అది ఫలించిందో, వికటించిందో ఆయనా తేల్చడు.

ప్రయోగం చేసినవాడూ మాయం

2011 నవంబరు 11న ‘స్కైరిమ్’ వచ్చినప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. వింటర్‌హోల్డ్ మాయావిద్యా కళాశాలలో ఆర్నియెల్ గేన్ అనే పరిశోధకుడుంటాడు. తోటివాళ్లు పెద్దగా పట్టించుకోని మనిషి. డ్వెమర్ల రహస్యం తేల్చాలన్నది అతని పట్టుదల. దేవుడి గుండె దొరకదు కాబట్టి దాని బదులు ఓ మంత్రపు రత్నాన్ని వేడిచేసి వంకర తిప్పించుకుంటాడు. మనచేతే పాత శిథిలాల నుంచి పళ్లచక్రాలు ఏరించి, చివరికి కీనింగ్ బాకును కూడా తెప్పించుకుంటాడు. బాకుతో రత్నాన్ని కొడతాడు. ఏమీ జరగదు. మళ్లీ మళ్లీ కొడతాడు. ఉన్నట్టుండి మనిషి కనిపించడు. బాకు మిగులుతుంది. మనకు మాత్రం ఓ కొత్త మంత్రం వస్తుంది, దాంతో పిలిస్తే ఆర్నియెల్ ఛాయ వచ్చి మన పక్షాన పోరాడుతుంది.

అభిమానులకు ఇది చాలు. డ్వెమర్లు నాశనమయ్యారనే వర్గం ఒకటి. తాము అనుకున్నది సాధించి లోకానికి అతీతులయ్యారనేది మరో వర్గం. న్యుమీడియం అనే ఇత్తడి మహాకాయుణ్ని వాళ్లు తయారుచేశారు కదా, అందరూ దాని ఒంట్లోనే కలిసిపోయారన్నది మూడో వాదం. కాలంలో ఇంకెక్కడికో విసిరేసినట్టు వెళ్లిపోయారు, ఎప్పటికైనా వస్తారన్నది నాలుగోది.

ప్రతి వాదానికీ ఓ ఆధారం, దానికో అడ్డుపుల్ల ఉంటాయి. ఆర్నియెల్ నాశనమైపోతే ఛాయ ఎక్కడి నుంచి వస్తోంది? ఛాయ వస్తే మాత్రం మనిషి బతికున్నట్టా? మారోవిండ్‌లో చేతితొడుగు లేకుండా కీనింగ్ పట్టుకుంటే ప్రాణం పోతుంది. స్కైరిమ్‌లో అదే బాకును మామూలుగా పట్టుకు తిరగొచ్చు. మారోవిండ్ చివర్లో లోర్కాన్ గుండెతో బంధం తెగింది కాబట్టి బాకులో పస పోయిందంటారు కొందరు. పస పోతే ఆర్నియెల్‌ను మాయం చేసిందేమిటి? వాదన మళ్లీ మొదటికొస్తుంది.

రచయిత లేని పుస్తకం ఒక్కటీ లేదు

ఈ ఆటల్లో అన్నీ తెలిసిన కథకుడు ఎవరూ ఉండరు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఆటలో దొరికే వందల పుస్తకాలన్నీ ఆ లోకంలోని మనుషులు రాసినవే. పూజారి తన మతానికి అనుకూలంగా రాస్తాడు. ఓడినవాడు ఒకలా, గెలిచినవాడు ఒకలా చెబుతారు.

నెరెవార్ ఎలా చనిపోయాడన్నదే చూడండి. యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడని ఆయన సలహాదారు వివెక్ అంటాడు. కాదు, వివెక్‌తో కలిపి ముగ్గురు సలహాదారులే ఆయన్ను చంపి, ఆ పనిముట్లతో తాము దేవుళ్లయ్యారని ఎడారి తెగలవాళ్ల కథనం. ఆట నడుస్తున్న కాలంలో ఆ వివెక్ గుళ్లూ భక్తులూ ఉన్న సజీవ దేవుడు.

వివెక్ పేరుతో రచయిత మైకేల్ కిర్క్‌బ్రైడ్ రాసిన 36 పాఠాలు ఆటలో పుస్తకాలుగా దొరుకుతాయి. చదివితే సగం అర్థంకాని మార్మిక వచనం. 29వ పాఠంలో మాత్రం ఒక్కో పాఠానికి ఒక్కో అంకె ఉంటుంది. ఆ అంకెను బట్టి ఒక్కో పాఠం నుంచి ఒక్కో మాట ఏరి వరసగా పేరిస్తే నేరాంగీకార పత్రం బయటపడుతుంది! తాను పుట్టుకతో దేవుణ్ని కాననీ, దైవత్వాన్ని దొంగిలించి సేనానిని హత్య చేశాననీ, ఇది రాసింది తానేననీ వివెక్ ఒప్పుకొంటాడు. ఓపిగ్గా లెక్కపెట్టి చదివినవాళ్లకే దక్కే రహస్యమిది. అయినా కేసు మూతపడలేదు. ఇన్ని అబద్ధాలాడినవాడి ఒప్పుకోలును నమ్మాలా అన్నది ఇప్పటి వాదన.

కథకు ఒకే పాఠం ఉండాలనే పట్టింపు తెలుగువాళ్లకూ లేదు. ‘మాయాబజార్’ శశిరేఖ వ్యాసభారతంలో కనిపించదు. అయినా ఆ పెళ్లి జరగలేదని మన ఇళ్లలో ఎవరూ అనరు.

అన్ని ముగింపులూ జరిగాయట!

ఈ పద్ధతి ఒక్కోసారి శ్రుతి మించుతుంది. 1996 నాటి ‘డాగర్‌ఫాల్’లో న్యుమీడియంను నడిపే టోటెమ్‌ను ఎవరికిస్తే ఆ ముగింపు వస్తుంది. తర్వాతి ఆటకొచ్చేసరికి ఏది అసలు ముగింపో చెప్పాల్సి వచ్చింది. అన్నీ జరిగాయని తేల్చేశారు! టామ్రియెల్‌లో కాలానికి అధిపతి డ్రాగన్ రూపంలోని దేవుడు. ఆ కాలమే కొద్దిరోజులు ముక్కలైందనీ, అప్పుడు ఒకదానికొకటి పొసగనివన్నీ ఒకేసారి జరిగాయనీ చెప్పారు. దీని పేరు డ్రాగన్ బ్రేక్. ఏ ఆటగాడు ఏ ముగింపు చూసినా అతని కష్టం వృథా కాకుండా చూసిన తెలివైన ఎత్తు అది. కానీ అప్పటి నుంచి ఎక్కడ పొరపాటు కనబడ్డా ‘డ్రాగన్ బ్రేక్’ అనేసి చేతులు దులుపుకోవడం అభిమానుల్లో కొందరికి అలవాటైపోయింది.

దానికన్నా స్కైరిమ్‌లోని ఓ దస్త్రం ఎంతో నయం. తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్ గురించి శత్రువుల రాయబార కార్యాలయంలో దొరికే రహస్య పత్రం అది. ఒకప్పుడు తమకు బందీగా చిక్కిన అతణ్ని అందులో తమకు పనికొచ్చే మనిషిగా, ప్రస్తుతం మాట వినని మనిషిగా నమోదు చేశారు. అతను పూర్తిగా గెలవడం కూడా తమకు మంచిది కాదని రాసుకున్నారు. ద్రోహా, తెలియకుండా వాడబడిన దేశభక్తుడా? ఒక్క కాగితంతో అభిమానులు రెండు శిబిరాలుగా చీలిపోయారు.

ఎల్డర్ స్క్రోల్స్ ప్రధాన గేమ్‌లు
అరీనా – 1994
డాగర్‌ఫాల్ – 1996
మారోవిండ్ – 2002
ఒబ్లివియన్ – 2006
స్కైరిమ్ – 2011
ఆరో గేమ్ – 2018 జూన్‌లో ప్రకటన

చెప్పకపోవడమే మేలు

జవాబులు లేకపోవడం ఆటకు నష్టం చేయలేదు. స్కైరిమ్ ప్రతులు ఆరు కోట్లకు పైగా అమ్ముడయ్యాయని దర్శకుడు టాడ్ హోవార్డ్ 2023లో చెప్పారు. మాతృసంస్థ జెనీమ్యాక్స్‌ను 2021లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనేసింది. మారోవిండ్ రాష్ట్రంలో కంపెనీ చూపించని మిగతా భూభాగాన్ని ‘టామ్రియెల్ రీబిల్ట్’ పేరుతో అభిమానులే పైసా తీసుకోకుండా ఏళ్ల తరబడి కడుతున్నారు.

అలాగని తేల్చకుండా వదిలేసిన ప్రతిదీ గొప్ప కథైపోదు. సమయం చాలక వదిలేసినవీ, మరచిపోయినవీ ఏ ఆటలోనైనా ఉంటాయి. చదివేవాడికి నాలుగు ఆధారాలు ఇచ్చి, అవి నాలుగు దారులు చూపేలా పెట్టి, తీర్పు వదిలేస్తేనే అది కథనశిల్పం. ఆధారాలే ఇవ్వకుండా వదిలేస్తే ఎగవేత. డ్వెమర్ల కథ మొదటి రకం. అభిమానులు ఇన్నేళ్లూ వాదించుకోగలిగింది ఊహలు ఉండబట్టి కాదు, చేతిలో సాక్ష్యాలు ఉండబట్టి.

బెథెస్డావాళ్లకూ ఈ సంగతి తెలుసు. మారోవిండ్ నుంచి ప్రతి ప్రధాన ఆటలోనూ తారసపడే మైక్ ది లయర్ అనే పిల్లిముఖం బాటసారి ఒకడున్నాడు, అభిమానుల్ని ఆటపట్టించడమే వాడి పని. ఫాల్మర్ అనే మరో జాతి గుడ్డిదవడానికీ డ్వెమర్లు మాయమవడానికీ సంబంధమే లేదని స్కైరిమ్‌లో వాడు ఒట్టేసినంత గట్టిగా చెబుతాడు. పేరులోనే అబద్ధాలకోరు అని ఉన్నవాడి మాట!

ఆరో గేమ్ ప్రకటించి ఏళ్లు గడిచాయి. అది వచ్చినప్పుడు డ్వెమర్ల గుట్టు విప్పేయాలని కంపెనీకి అనిపించొచ్చు. ఆ పని మాత్రం చేయొద్దు. ఇంకో రెండు సాక్ష్యాలు పెట్టండి, ఇంకో యాగ్రమ్‌ను చూపించండి. తీర్పు ఆటగాళ్లకే వదిలేయండి.