తోడివారితో కలియుట నేర్పవచ్చునా?

"నీ పేరేమి?" అని అడిగిన, "నీ పేరేమి?" అనియే బదులు చెప్పును. ఆటల గంటలో అందరును చిర్రగోనె ఆడుచుండగా తానొక్కడు గోడప్రక్కన కూర్చుండి సైకిలు చక్రమును త్రిప్పుచుండును. మధ్యాహ్న భోజనమునకు పళ్లెముల చప్పుడు కాగానే చెవులు మూసికొనును. ఇట్టి పిల్లవాడు మొండివాడనియో, తల్లి గారాబమువలన చెడినాడనియో అనుట వాడుక. రెండును పొరపాటే.

ఇట్టి లక్షణములుగల 11 మంది పిల్లలను గూర్చి అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 1943లో సవిస్తరముగా వ్రాసెను. గ్రీకు భాషలో 'ఆటోస్' అనగా 'తాను'. ఆటిజం అను పేరు దానినుండియే వచ్చినది. ఇది అంటువ్యాధి కాదు, పెంపకపు లోపమును కాదు. మెదడు పెరుగు తీరులోనే ఈ భేదము కలదు. అందు జన్యువుల పాలు ఎక్కువ. 2021లో ప్రపంచమున సుమారు 127 మందిలో ఒకరికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొనిన 21 వైకల్యములలో ఇదియు ఒకటి.

ఉత్తర తెలంగాణలోని ఉపాధ్యాయునకు ముందుగా ఒక చిక్కు ఎదురగును. ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతపు గూడెముల పిల్లలలో పలువురి ఇంటిభాష గోండీ లేదా కొలామీ. బడిలో వినబడునది తెలుగు. అట్టి బాలుడు కొన్ని నెలలు నోరు విప్పకున్న వింత లేదు. కాని గూడెములో తన ఈడువారితో అతడు కేకలువేయుచు ఆడును; పిట్ట కనబడిన వ్రేలితో చూపి, ప్రక్కవాడు చూచెనో లేదో అని వాని మొగము చూచును. ఆటిజంగల పిల్లవానికి ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే తల్లిభాషలో సైతము కష్టము. భాష తెలియని బిడ్డకు వైకల్యమును అంటగట్టుట అన్యాయము. "భాష రాక మాటాడడులే" అని వైకల్యముగల బిడ్డను ఏండ్ల తరబడి విడిచిపెట్టుట అంతకన్న అన్యాయము. ఇంటివారిని వారి భాషలోనే విచారింపవలెను. నిర్ణయము మాత్రము వైద్యులదే. మండలములలోని భవిత కేంద్రముల ప్రత్యేక ఉపాధ్యాయులు ఇందుకు దారి చూపగలరు.

నేర్పుట ఎట్లు? 'వంతు' అనునది కంటికి కనబడదు. అష్టాచమ్మాలో అది కనబడును. గవ్వలు ఎవరిచేతిలోనున్న వంతు వారిది. వేసినపిదప ప్రక్కవానికి ఇచ్చివేయవలెను. మొదట ఒక్క తోడుతో ఐదు నిమిషములు చాలును. నలుగురు చేరుట తరువాతిమాట. భోజనపు వరుసలో నిలువవలసిన చోట సుద్దముక్కతో పాదములు గీసినను ఇట్టి మేలే కలుగును. గంట, ప్రార్థన, పాఠము, భోజనము అను క్రమమును బొమ్మలతో గోడపై పెట్టిన, తరువాత ఏమగునో అను భయము తగ్గును. మాటలును సూటిగా నుండవలెను. "నీళ్లు నములుదువేమి?" అనిన, ఆ బాలుడు తన నోటిలో నీళ్లు లేవని నిజముగనే చెప్పును. కన్నులలోనికి చూడుమని గద్దించుట మాత్రము మానవలెను. కొందరికి అది బాధాకరము.

బిడ్డకు మాత్రమే నేర్పిన సరిపోదు. 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో కోనీ కసారీయును, ఆమె సహచరులును లాస్ ఏంజెలిస్ ప్రాంతపు బడులలో 6 మొదలు 11 ఏండ్లవరకుగల 60 మంది ఆటిజం పిల్లలను పరిశీలించిరి. పెద్దవారు ఆ బిడ్డకే నేర్పుట ఒక పద్ధతి. ఒంటరిపిల్లలను ఆటలో చేర్చుకొనుట ఎట్లో తోడివిద్యార్థులకు నేర్పుట మరియొకటి. తరగతి స్నేహబృందములలో బిడ్డకు చోటు దొరకుటకు రెండవదియే ఎక్కువగా తోడ్పడెను. చాలమంది బడిపెద్దలు దీనిని తలక్రిందులుగా చేయుచుందురు.

అందరును చేయుపనినే ఆ బిడ్డయు చేయవలెనను నియమము లేదు. బడిలో బతుకమ్మ ఆడుదినమున చప్పట్ల మోత ఓర్వలేని బాలికకు తంగేడుపూలు అందించుపని ఈయవచ్చును. ఆ పని ఏదో ముందునాడే చెప్పి, ఒకమారు చేసి చూపవలెను.