సీటీకి లోహ గండం

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో కణితి ఉందని అనుమానించిన ఒక మహిళకు తొలిసారి సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1979లో ఆయనకూ, దాని గణితానికి పునాది వేసిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

నిజానికి సీటీ ఫొటో తీయదు, లెక్క కడుతుంది. ఒంటి చుట్టూ తిరుగుతూ ఎక్స్‌రేలు పంపి, అవతలికి చేరినవాటిని కొలిచి, లోపల ఎక్కడ ఏముందో తేలుస్తుంది. ప్రతి చోటుకూ ఒక అంకె ఇస్తుంది: నీటికి 0, గాలికి మైనస్ 1000. ఈ హౌన్స్‌ఫీల్డ్ అంకెలనుబట్టే రేడియోథెరపీలో కిరణాల మోతాదు లెక్కిస్తారు.

రెండు తుంటి కీళ్లూ మార్పించుకున్న పెద్దాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందనుకోండి. స్కాన్‌లో ఆ రెండు లోహపు బంతుల మధ్య నల్లటి పట్టీ పరుచుకుంటుంది. ప్రోస్టేట్ ఉండేది సరిగ్గా అక్కడే. రేడియోథెరపీ కోసం దాని అంచు గీయాల్సిన డాక్టరుకు ఆనవాలు దొరకదు. కారణమేమంటే, తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలను లోహం మింగేస్తుంది. రెండు కీళ్లనూ దాటి డిటెక్టరుకు చేరేవి బహు కొద్ది. దాంతో లెక్క తప్పుతుంది. పైగా మామూలు హౌన్స్‌ఫీల్డ్ స్కేలు 3071 దగ్గరే ఆగిపోతుంది. టైటానియమైనా స్టీలైనా దానికి ఒకటే.

1987లో జర్మనీకి చెందిన విల్లీ కాలెండర్ బృందం ఒక ఉపాయం ప్రచురించింది. కొలతల్లో లోహం నీడ పడినచోట అంకెలు తీసేసి, ఇరుపక్కల అంకెలతో ఆ ఖాళీ పూరించి, బొమ్మను మళ్లీ కట్టడం. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం ఇదే. అయితే ఈ దిద్దుబాటు ఒక్కోసారి లేని గీతలను పుట్టిస్తుంది. అందుకే అసలు బొమ్మనూ పక్కన పెట్టుకుని చూస్తారు. చాలా ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలు వాడే మెగావోల్ట్ సీటీలో లోహం వల్ల పడే చారలు బాగా తగ్గుతాయి, కానీ మెత్తటి కణజాలాల మధ్య తేడా అంతగా తెలియదు. ఎంఆర్ఐలో ప్రోస్టేట్ స్పష్టంగా కనిపిస్తుంది. లోహం దగ్గర మాత్రం అదీ వంకర్లు పోతుంది.

బొమ్మ చక్కబడ్డాక కూడా, కిరణాల మోతాదు లెక్కించే మెడికల్ ఫిజిసిస్టుకు పని మిగిలే ఉంటుంది. చారలు పడ్డ కణజాలానికి సరైన సాంద్రతను చేత్తో ఇస్తాడు. లోహం ఏదో తెలుసుకుని దాని సాంద్రత విలువ వేస్తాడు. వీలైనంతవరకు కిరణాలు ఆ కీలు గుండా పోకుండా కోణాలు ఎంచుకుంటాడు.

ఆ లోహమేమిటో సీటీ చెప్పలేదు, మీ ఆపరేషన్ కాగితాలు చెబుతాయి. అందుకే ఇంప్లాంట్ కార్డునూ డిశ్చార్జి కాగితాన్నీ భద్రపరచుకోండి. రేడియోథెరపీకి వెళ్లేటప్పుడు ఒంట్లో ఉన్న ప్రతి రాడ్డు, స్క్రూ, పంటి క్యాపు గురించి అడగకముందే చెప్పండి.