వేలితో చదివే బిడ్డ మెదడులో ఏం జరుగుతుంది?



జేబులో చెయ్యి పెట్టి రూపాయి బిళ్ళ ఏదో, ఐదు రూపాయల బిళ్ళ ఏదో చూడకుండానే చెప్పగలం. తస్బీహ్ పూసలను కళ్ళు మూసుకునే లెక్కపెడతాం. స్పర్శజ్ఞానం అల్లాహ్ మనందరికీ ఇచ్చాడు. అయితే చూపు లేని ఒక అమ్మాయి బ్రెయిలీ పుస్తకం మీద వేలు జరుపుతూ పాఠం గడగడా చదువుతుంటే, అదే పేజీ మీద మన వేలు పెట్టి చూడండి. గరుకు కాగితం తప్ప మనకేమీ తెలియదు. ఆ అమ్మాయి వేలికి, మన వేలికి చర్మంలో పెద్ద తేడా ఏమీ లేదు. మరి తేడా ఎక్కడుంది? గత ముప్పై ఏళ్ళలో శాస్త్రవేత్తలు దీనికి మంచి జవాబు కనుగొన్నారు. ఆ జవాబు మన సొసైటీ పనికి కూడా సంబంధించినది కనుక మీ ముందు ఉంచుతున్నాను.

మెదడులో ఎవరి పని వారిది

మెదడులో ఒక్కో భాగానికి ఒక్కో పని ఉంది. ఆడపిల్లలు తలకు హెయిర్‌బ్యాండ్ పెట్టుకునే చోటికి కాస్త వెనుకగా, ఒక చెవి వైపు నుంచి రెండో చెవి వైపు దాకా ఉన్న పట్టీ స్పర్శను గ్రహిస్తుంది. అందులో వీపుకు దక్కింది కొంచెమే, వేళ్ళకూ పెదవులకూ దక్కింది చాలా ఎక్కువ. చూపుకు సంబంధించిన భాగం తల వెనుక ఉంటుంది.

పుట్టుకతోనే చూపు లేని బిడ్డకు తల వెనుక భాగం ఖాళీగా పడి ఉంటుందా? 1996లో కొందరు పరిశోధకులు స్కానింగ్ చేసి చూశారు. చిన్నప్పటి నుంచీ చూపు లేనివారు బ్రెయిలీ చదువుతున్నప్పుడు ఆ చూపు భాగం చురుగ్గా ఉన్నట్టు కనిపించింది. కానీ ఇక్కడొక అనుమానం మిగిలింది. రాత్రి ఒక గదిలో లైటు వెలుగుతున్నంత మాత్రాన లోపల ఎవరో పని చేస్తున్నారని చెప్పలేం కదా? ఆ భాగం నిజంగా చదువులో పాలుపంచుకుంటోందా, ఊరికే వెలుగుతోందా?

ఫ్యూజు పీకి చూడటం

ఇంట్లో ఏ ఫ్యూజు ఏ గదిదో తెలియకపోతే ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడు? ఒక్కో ఫ్యూజు పీకి, ఏ గదిలో ఫ్యాను ఆగిందో చూస్తాడు. మెదడు విషయంలో అలా హాని లేకుండా, క్షణకాలం మాత్రమే చేసే సాధనం 1985లో వచ్చింది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు దాన్ని తయారు చేశారు. తెలుగులో చెప్పాలంటే అయస్కాంతంతో మెదడును ప్రేరేపించడం. పొడి అక్షరాల్లో టీ.ఎం.ఎస్. అంటారు.

దీని సూత్రం మన పిల్లలు చదువుకునేదే. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే తీగలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. ఇక్కడ తీగచుట్టను తలకు ఆనించి పట్టుకుంటారు. అందులోంచి సెకనులో వెయ్యో వంతు పాటు బలమైన కరెంటు పంపుతారు. ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఉండేంత బలమైన అయస్కాంత క్షేత్రం ఆ ఒక్క క్షణం పుడుతుంది. అది పుర్రెను దాటి లోపలికి వెళ్ళి, మెదడు పైపొరలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టిస్తుంది. కోత లేదు, సూది లేదు. టక్కుమని ఒక శబ్దం, తల మీద చిన్న తట్టు, అంతే. చేతిని కదిలించే భాగం మీద పెడితే వేళ్ళు వాటంతట అవే ఎగురుతాయి. స్పర్శ భాగం మీద సరైన క్షణంలో వాడితే, వేలికి తగిలిన సన్నని తాకిడి కూడా మనిషికి తెలియకుండా పోతుంది.

1997లో వచ్చిన సాక్ష్యం

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో లియొనార్డో కొహెన్ బృందం ఈ సాధనాన్నే తీసుకుంది. చిన్ననాటి నుంచి చూపు లేని బ్రెయిలీ పాఠకులు వేలితో అక్షరాలు చదువుతుండగా, తల వెనుక చూపు భాగం మీద దాన్ని ప్రయోగించింది. వాళ్ళు తప్పులు చదివారు. కొందరు చుక్కలు మాయమయ్యాయన్నారు, కొందరు లేని చుక్కలు తగులుతున్నాయన్నారు, కొందరు చుక్కలు ఉన్నాయిగానీ అర్థం కావడం లేదన్నారు. చూపు ఉన్నవారి చేత ఉబ్బెత్తు అక్షరాలను వేలితో చదివించి అదే చోట ప్రయోగిస్తే వారి చదువు చెడలేదు.

ఫ్యూజు ఏ గదిదో తేలిపోయింది. చూపు లేని బిడ్డలో చూపు భాగం ఖాళీగా లేదు. వేలి చదువు దాన్ని తన పనికి పెట్టుకుంది.

ప్రకృతే చూపిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. పుట్టుకతో చూపు లేని ఒక మహిళ బ్రెయిలీలో ఆరితేరింది. అరవై దాటాక పక్షవాతం వచ్చి, మెదడు వెనుక భాగం రెండు వైపులా దెబ్బతింది. వేళ్ళకు స్పర్శ ఉంది, చుక్కలు తగులుతున్నాయి, కానీ చదవలేకపోయింది. ఈ సంగతి 2000లో ప్రచురితమైంది.

బోస్టన్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. చూపు ఉన్నవారికే ఐదు రోజులు కళ్ళకు గంతలు కట్టి బ్రెయిలీ నేర్పారు. ఐదో రోజుకు వారిలోనూ చూపు భాగం వేలికి సాయపడటం మొదలుపెట్టింది. గంతలు విప్పిన ఒక్క రోజుకే అది పోయింది. అంటే ఈ శక్తి అందరి మెదడులోనూ ఎంతో కొంత దాగి ఉంది. అది నిలిచి స్థిరపడాలంటే మాత్రం కాలం, సాధన కావాలి.

వయసు సంగతి

నన్ను కుదిపిన సంగతి ఇది. కొహెన్ బృందమే 1999లో, పద్నాలుగేళ్ళు దాటాక చూపు పోయినవారిని పరీక్షించింది. వారిలో చూపు భాగం మీద అయస్కాంతం ప్రయోగించినా వేలి చదువు చెడలేదు. ఆ భాగం అంతగా పనిలోకి రాలేదన్నమాట. వీటిలో పాల్గొన్నవారు కొద్దిమందే. పెద్దయ్యాక బ్రెయిలీ నేర్చుకోలేరని దీని అర్థం కాదు. నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు. కానీ లేత వయసులో మెదడు చేసుకునే సర్దుబాటు తర్వాత అంత సులువుగా జరగదు.

చాలా ఏళ్ళ క్రితం మా బడికి ఒక తండ్రి చూపు లేని ఆరేళ్ళ కూతురిని తీసుకొచ్చాడు. ‘ముందు ఆపరేషన్ సంగతి చూడండి భాయ్, చదువు తర్వాత’ అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. ఆపరేషన్ వల్ల ఫలితం లేకపోయింది. పాప పదమూడో ఏట బ్రెయిలీ పలక పట్టుకుంది. కష్టపడి నేర్చుకుంది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఆ ఏడేళ్ళు నా మాట వల్ల పోయాయి. వైద్యం, చదువు రెండూ ఒకేసారి నడవొచ్చని ఆనాడు నాకు తోచలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. టీ.ఎం.ఎస్. చూపు తెప్పించే వైద్యం కాదు. తీవ్రమైన మానసిక కుంగుబాటుకు కొన్ని చోట్ల వైద్యంగా వాడుతున్నారు. అంధత్వానికి మాత్రం అది మందు కాదు. అలా చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

మనం చేయగలిగింది

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేని సహాబీ. నేర్చుకోవాలన్న తపనతో దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చిన ఆయన గురించే దివ్యఖుర్ఆన్‌లో ‘అబస’ సూరా అవతరించింది. అజాన్ ఇచ్చే బాధ్యత ఆయనకు దక్కింది. ప్రవక్త (స) ప్రయాణంలో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు కూడా ఆయనకు అప్పగించారు. జాలి చూపించి మూలన కూర్చోబెట్టలేదు.

మనలో చూపు లేని పిల్లలను విని కంఠస్థం చేయమంటాం. అది గొప్ప విద్యే. కానీ తన వేలితో తానే చదువుకోవడం వేరు. తెలుగుకు, ఉర్దూకు, అరబీకి బ్రెయిలీ ఉంది. బ్రెయిలీలో ఖుర్ఆన్ కూడా దొరుకుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. లేనిదల్లా ఆ బిడ్డను సమయానికి బడిదాకా చేర్చే చెయ్యి.

అందుకే నా విన్నపం. మీ మహల్లాలో చూపు లేని చిన్నబిడ్డ ఉంటే ఈ ఏడాదే సొసైటీకి తెలియజేయండి. ‘ఇంకా చిన్నది కదా’ అనుకోకండి. చిన్నతనమే దానికి సరైన సమయం. మీరు ఇచ్చే సదఖాలో ఒక బ్రెయిలీ పలక, కొన్ని పుస్తకాలు, ఆ తల్లికి బడిదాకా బస్సు చార్జీ కూడా లెక్కలో ఉండాలి. ఆ బిడ్డ చదివినంత కాలం దాని పుణ్యం మీకు చేరుతూనే ఉంటుంది, ఇన్‌షా అల్లాహ్.